తెల్లారాకే భూపాలం

మా చిన్నమ్మ వీడియో గేమ్ ఆడుతుందంటే చాలామంది నమ్మరు. ఎల్బీ నగర్‌లో పిల్లలకు సంగీతం చెప్పేది. మధ్యలో మానేసినవాళ్లలో నేనూ ఒకదాన్ని. పాఠాలయ్యాక టీవీ ముందు కూర్చుని, కత్తి పట్టిన వీరుడితో డ్రాగన్లను వేటాడేది. గేమ్‌లో వచ్చే సంగీతం మాత్రం ఆపేసి, ఫోన్‌లో తను పాడిన పాత కచేరీలు పెట్టుకునేది. అడవికి ఒక రాగం, యుద్ధానికి ఇంకొకటి.

ఒకసారి వీరుణ్ణి కొండ మీద ఊరికే నిలబెట్టింది. రాక్షసులు మీద పడుతున్నారు.

"కొట్టు చిన్నమ్మా!"

"జర ఆగు బిడ్డా. ఈడ భూపాలం పెడదామనుకున్న. ఆటల ఇంకా తెల్లారలే."

వీరుడు చచ్చిపోయాడు. ఆమెకు చీమ కుట్టినట్టయినా లేదు.

"వాడు మళ్ల పుడ్తడు తియ్. రాగానికి దాని టైం దానికుంటది."

గొంతు ఆపరేషన్‌కు దవాఖానకు వెళ్లే ముందురోజు, ఆఖరి కోట గుమ్మం దాకా వచ్చి ఆపేసింది. ఆ కోటకు ఆమె అనుకున్నది మధ్యమావతి, కచేరీ ముగించే రాగం.

"మంగళం ఇప్పుడే వద్దు. నేనొచ్చినంక చూద్దాం."

తిరిగొచ్చాక ఆమెకు గుసగుస తప్ప గొంతు మిగల్లేదు. నేను మధ్యమావతి వెతికి సిద్ధంగా ఉంచాను. ఆమె తల అడ్డంగా ఊపి, ఆటను మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. వీరుణ్ణి కొండెక్కించి నిలబెట్టింది. మెల్లగా తెర మీద తెల్లవారింది. నేను భూపాలం పెట్టబోతే, ఫోన్ లాక్కుని పక్కన బోర్లించింది.

తొడ మీద తాళం వేస్తూ, పాడమన్నట్టు నా వైపు గడ్డం ఎగరేసింది.