టీచరుకి చెప్తానుండు

1988లో నేను రేపల్లెలోని ఒక ప్రాథమిక పాఠశాలలో రెండో తరగతికి చెప్పేదాన్ని. ఇల్లు తెనాలిలో. పొద్దున్నే పాసింజరు ఎక్కడం, దిగీ దిగగానే బడికి పరుగెత్తడం. నాకు అసలే నిలకడ తక్కువ. ఉన్న ఆ కాస్త నిమ్మళాన్నీ ఆ ఏడు సునీత అనే పిల్ల లేకుండా చేసింది.

రోల్‌కాల్, అంటే పొద్దున పేర్లు పిలిచి హాజరు వేసుకోవడం, మొదలవగానే ఆ పిల్ల వణికేది. తన పేరు పిలిస్తే గౌను తడిసిపోయేది. నేను ఏనాడూ ఆ పిల్ల మీద చెయ్యెత్తలేదు. పక్క తరగతి మాస్టారితో బాగానే ఉండేది. మరి నన్ను చూస్తేనే ఎందుకంత హడలు? తిరుగు రైల్లో కూడా అదే ఆలోచన. కూర్చోలేక తలుపు దగ్గరికీ సీటు దగ్గరికీ తిరిగేదాన్ని.

ఒక శుక్రవారం వాళ్ళమ్మ రత్నమ్మ బడికి వచ్చింది. పొలం పనులకు వెళ్ళే మనిషి. పిల్ల బడంటే ఏడుస్తోందనీ, బాపట్లలో చెల్లెలు ప్రసవించిందనీ, ఆ బిడ్డను ఆడించడానికి సునీతను ఆదివారం పంపేస్తాననీ చెప్పింది. మధ్యలో బడి మానేసినవాళ్ళను మేం డ్రాపవుట్ అంటాం. అలా వెళ్ళిన ఆడపిల్ల మళ్ళీ పలక పట్టడం నేను చూడలేదు.

శనివారం బడి వదలగానే రైలు పోతే పోయిందని వాళ్ళ పేటకు నడిచాను. గుమ్మం దాకా వెళ్ళేసరికి రత్నమ్మ పిల్లకు పేలు చూస్తూ, కదిలావంటే టీచరుకి చెప్తాననీ, ఆవిడ గదిలో పెట్టి తాళం వేస్తుందనీ బెదిరిస్తోంది. అప్పుడు వెలిగింది నాకు. తమ్ముణ్ణి గిల్లినా, నిద్రపోకపోయినా, ఆ ఇంట్లో బూచి నేనే! పొద్దున నేను పేరు పిలిస్తే, ఇంట్లో చేసిన తప్పుకి శిక్ష వేయడానికేనని ఆ పిల్ల అనుకుంటోంది. ఒళ్ళు మండిపోయింది.

కేకలు వేద్దామనే వెళ్ళాను కానీ, సునీత వాళ్ళమ్మ వెనక దాక్కోవడం చూసి తగ్గాను. గుమ్మంలోనే చతికిలబడ్డాను.

"నాకు చెప్తానన్నావుగా రత్నమ్మా. చెప్పు, అన్నీ చెప్పు."

ఆవిడ బిత్తరపోయి, పిల్ల చేసిన తప్పులు నసుగుతూ ఒక్కోటీ చెప్పింది. అంతా విని, ఇంతేనా, ఇవన్నీ చిన్నప్పుడు నేనూ చేశానన్నాను. సునీత మాత్రం దెబ్బ ఎప్పుడు పడుతుందా అన్నట్టు నా చేతులే చూస్తోంది.

"నువ్వూ చెప్పొచ్చమ్మా. మీ అమ్మ మీద ఏమున్నా నాకు చెప్పు. అమ్మనీ మందలిస్తాను."

పిల్ల వాళ్ళమ్మ వెనక్కి ఇంకా జరిగింది. రత్నమ్మకే నవ్వొచ్చింది. ఇక నా పేరు చెప్పి బెదిరించననీ, దసరా సెలవుల దాకా బాపట్ల మాట ఎత్తననీ ఒప్పుకుంది.

గౌను తడవడం ఆగింది. మాట మాత్రం రాలేదు. సెలవులు దగ్గరపడేకొద్దీ నాకు కంగారు. చివరికి ఒకరోజు, నేనింకా పేర్లు పిలవకముందే, సునీత తనంతట తనే వచ్చి నా చీర కొంగు పట్టుకుంది.

"మా అమ్మకి జొరం టీచర్. పడుకోమంటే వినకుండా నాట్లకి పోయింది. మీరు చెప్తే వింటది."

ఆ సాయంత్రం వెళ్ళి రత్నమ్మను నిజంగానే మందలించాను. ఆవిడ కూతురి వంక చూసి కళ్ళు తుడుచుకుంది. బాపట్ల ప్రయాణం మాట మరి ఎత్తలేదు.

అప్పట్నుంచీ పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన ప్రతి తల్లికీ ఒకటే చెప్పేదాన్ని: నాకు చెప్తానని పిల్లల్ని బెదిరించకండమ్మా, మీ సంగతులే వాళ్ళను నాకు చెప్పుకోనివ్వండి.