బంపర్ మీద అరచెయ్యి

గర్ర్… గర్ర్… గర్ర్. తడి ప్లాస్టిక్ మీద కాగితం తిరుగుతున్న చప్పుడు. కాసేపు ఆగుతుంది. ఆగినచోట ఒక "ఛీ" పడుతుంది. మళ్ళీ గర్ర్… గర్ర్. వీధి మలుపు తిరగకముందే ఈ రెండూ వినిపిస్తాయి. మనిషి ఆ తర్వాత కనిపిస్తాడు. రేకుల షెడ్డు నీడలో, పాత కారు వెనక గొంతుక్కూచుని, మోచేతుల నుంచి బూడిదరంగు నీళ్ళు కారుతుండగా, యాభై దాటిన పెయింటర్. వీధిలో అతన్ని ఉప్పుకాగితం అంటారు. రుద్దుడు కాగితానికి ఆ పేరుంది. అతని మాట కూడా తగిలినచోట గీసుకుపోతుంది కాబట్టి పేరు అతనికే అంటుకుంది.

అతని లెక్కలో మనుషులు రెండే రకాలు. ప్లాస్టిక్‌ని కడిగేవాళ్ళు, ప్లాస్టిక్‌కి పూసేవాళ్ళు. మొదటి రకంలో తానొక్కడే. రెండో రకంలో మిగతా లోకమంతా ఇరుక్కుని కూచుంది.

పాత కార్ల నల్ల బంపర్లు, అద్దాల తొడుగులు, తలుపుల కింది పట్టీలు ఏళ్ళ తరబడి ఎండ తాగుతాయి. తాగి తాగి నలుపును మర్చిపోతాయి. చివరికి తెల్లారగట్ల పొగమంచు రంగొకటి మిగులుతుంది. దాని మీద జనం వంటనూనె రుద్దుతారు. బూటు పాలిష్ రుద్దుతారు. ఇంకా తెలివైనవాళ్ళు వేడిగాలి గొట్టంతో కాలుస్తారు. లోపలి జిడ్డు పైకి తేలి నల్లగా మెరుస్తుంది, నాలుగు వారాలకు మళ్ళీ మొదటికొస్తుంది. "శవానికి పౌడరు" అంటాడు ఉప్పుకాగితం. అంతకుమించి ఆ పని గురించి మాట్లాడడం తన నోటికే మైల అనుకుంటాడు.

ఆ పూసేవాళ్ళందరికీ నాయకుడు అతని సొంత బావమరిది. వీధి చివర అతని షాపు. అద్దాల తలుపులు, చల్లగాలి, గంటలో పని. రోజుకోసారి షెడ్డు ముందు ఆగకుండా ఉండలేడు.

"ఏంటి బావా, నాలుగు రోజులుగా బంపర్‌కి స్నానం చేయిస్తున్నావు? పెళ్ళికొడుకా?"

"నువ్వు పూసిన జిడ్డు వదలడానికే రెండు రోజులురా. మిగతా రెండే నాకు."

"గంటలో అయ్యేదానికి…"

"గంటలో అయ్యేది క్షవరం. పోరా, కత్తెర పట్టుకో."

ఈసారి మాత్రం బావమరిది నవ్వుతూ వెళ్ళిపోయాడు. ఆ నవ్వుకు కారణముంది. షెడ్డు యజమానురాలు టీచరమ్మ. ముప్పయ్యేళ్ళు పాఠాలు చెప్పి మానేసినా గొంతులో బెత్తం ఇంకా ఉంది. ఇప్పుడు కడుగుతున్న పాత కారు ఆవిడదే. పోయిన ఏడాది దానికి పాలిష్ పట్టింది బావమరిదే. ఎండాకాలం దాటకముందే తెల్లబడింది. కారు వదిలి వెళ్ళేటప్పుడు ఆవిడ తేల్చి చెప్పింది. "ఇరవయ్యేళ్ళుగా వీధిలో అందర్నీ తిడుతున్నావు. నీ పనేమిటో నా బండి మీద చూపించు. బాగుంటే షెడ్డు నీకే. లేకపోతే మీ బావమరిది అడుగుతున్నాడు, వచ్చే నెల అతనికిస్తా."

షెడ్డు పోతే ఉప్పుకాగితానికి మిగిలే దారి ఒకటే. ఆ అద్దాల తలుపుల వెనక, బావమరిది ఇచ్చిన చొక్కా వేసుకుని, గుడ్డతో పూయడం. భార్య ఆ మాట అననే అంది. "తమ్ముడు రమ్మంటున్నాడుగా, నీడపట్టున ఉంటారు." అతను కంచం ముందు నుంచి లేచిపోయాడు.

అందుకే ఈ కారు మీద ప్రాణం పెట్టాడు. సబ్బునీళ్ళతో మూడుసార్లు కడిగాడు. జిడ్డు తీసే మందుతో తుడిచాడు. మగ్గుతో నీళ్ళు పోసి చూశాడు. పాలిష్ మిగిలితే నీళ్ళు ముత్యాల్లా విడిపోతాయి. అవి విడిపోలేదు, పలచటి గాజు పలకలా పరుచుకుని జారిపోయాయి. తర్వాత తడి కాగితంతో రుద్దాడు. మందుతో మళ్ళీ తుడిచి, ఆరబెట్టి, చివరిసారిగా కళ్ళు మూసుకుని వట్టి అరచేత్తో అంచు నుంచి అంచుకు తడిమి, కుడి చివర చెయ్యి ఆనించి ఆగాడు. అది అతని పద్ధతి. కంటికి అందని గీత అరచేతికి దొరుకుతుందంటాడు. చేతులకు తొడుగులు వేసుకునేవాళ్ళని చూస్తే "గుడ్డివాడికి గంతలు" అని మొహం తిప్పుకుంటాడు.

ప్లాస్టిక్‌కి పట్టుకునే ప్రైమరు కొట్టాడు. దాని మీద పలచగా నలుపు మొదటి పూత.

పూత పడిన మరుక్షణమే రంగు చీలింది. బంపర్ కుడివైపున చిన్న చిన్న గుంటలు. ఏదో అసహ్యించుకుని పక్కకు జరిగినట్టు రంగు అక్కడ నిలవడం లేదు. పాలిష్ జిడ్డు మిగిలితే వచ్చే రోగమిదే. ఈ వీధిలో ఆ సంగతి అతని నోట వినని గోడ లేదు.

"వాడి పాలిషే," అని పళ్ళు నూరాడు. వంగి దగ్గరగా చూశాడు. పళ్ళు నూరడం ఆగిపోయింది.

గుంటలు ఎలా పడితే అలా లేవు. నాలుగు పొడుగు గీతలు, పక్కన పొట్టిది, కింద వెడల్పాటి మచ్చ. చెయ్యి.

ఇంటికెళ్ళి భార్యనడిగాడు. "పొద్దున నా చేతులకేం రాశావు?"

"థిన్నరుకి పగిలి నెత్తురొస్తోంది కదండీ. మందుల షాపులో కొన్న క్రీము." ట్యూబు తెచ్చి కళ్ళద్దాల్లోంచి చదివింది. "ఇదిగో, సిలికోన్ అని ఉంది. ఏం, మంట పుట్టిందా?"

పాలిష్ డబ్బాల మీదుండే మాటే, రంగును నిలవనివ్వని జిడ్డు. ఇరవయ్యేళ్ళు లోకాన్ని పూసేవాళ్ళని తిట్టిన మనిషి, పొద్దున్నే పూయించుకుని వచ్చాడు. తన చేతుల్ని అతను బావమరిదిని చూసినట్టు చూశాడు.

సాయంత్రం టీచరమ్మ వచ్చింది. వెనకే బావమరిది. ఆవిడ గుంటల్ని చూసి కళ్ళజోడు సర్దుకుంది.

"ఇది పాలిష్ వల్లే కదా? నువ్వే చెప్పేవాడివి."

బావమరిది మొహంలో నెత్తురు చుక్క లేదు. ఉప్పుకాగితం అవునని తల ఊపితే చాలు.

"కాదు టీచరమ్మగారూ. నా చెయ్యి." అరచేతిని గుంటల మీద ఆనించాడు. వేలికి వేలు సరిపోయింది. "పొద్దున క్రీము రాసుకున్నాను. అది మర్చిపోయి తడిమాను."

"క్రీమా?" బావమరిదికి ప్రాణం లేచొచ్చింది. "బావా, నువ్వు క్రీమా! ఇంకా నయం, పౌడరు కూడా కొట్టుకోలేదు!"

"నువ్వు నోరుముయ్యవయ్యా," అంది టీచరమ్మ. ఇటు తిరిగింది. "తప్పు రాస్తే మార్కులెయ్యను. మళ్ళీ రాయిస్తాను. సోమవారం వస్తా."

ఉప్పుకాగితం పూతంతా గీకేశాడు. రబ్బరు తొడుగుల్ని చచ్చిన బల్లిని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుని, చివరికి తొడుక్కున్నాడు. మళ్ళీ కడిగాడు, మళ్ళీ రుద్దాడు, మళ్ళీ కొట్టాడు. సోమవారం టీచరమ్మ కారు చుట్టూ రెండుసార్లు తిరిగింది. తెల్ల చేతిరుమాలుతో బంపర్ని గట్టిగా రుద్దింది. రుమాలు తెల్లగానే ఉంది. నలుపు చడీచప్పుడూ లేకుండా, తడిసిన నేలలా ఉంది.

"ఒక ఏడాది ఉండు," అంది. "ఎండ కూడా చూశాక మిగతా మాట."

ఇదంతా అడిగి పత్రికకు రాసుకోవడానికి షెడ్డుకొచ్చిన మనిషి వెళ్ళేముందు ఒక్కటే అడిగారు. ఆ సాయంత్రం తల ఊపేసి ఉంటే సరిపోయేది కదా, ఎందుకు ఊపలేదు?

ఉప్పుకాగితం తొడుగు విప్పకుండానే తల తిప్పి, పైనుంచి కిందికి ఒకసారి చూశాడు.

"నిజాయితీ గిజాయితీ అని రాశావంటే ఊరుకోను. నేను మూడుసార్లు కడిగాక కూడా ఆ వెధవ పాలిష్ మిగిలిందని నా నోటితో నేనే ఒప్పుకోవాలా? అంతకంటే షెడ్డు పోవడమే నయం. ఇక నడువు, తడి పెయింటు దగ్గర దుమ్ము లేపకు."