బొట్టు పెట్టిన సీసా

దెయ్యాల కథలంటే నాకు నవ్వు. కంటికి కనపడని అమీబాని కూడా మైక్రోస్కోపు కింద పెట్టి చూపించే ఉద్యోగం నాది. చూపించలేనిదాన్ని ఎందుకు నమ్ముతాను?

మా ల్యాబు గన్‌ఫౌండ్రీలో. దాన్ని నడిపే మా మేడమ్‌ది నాంపల్లి. కంటిని తినేసే ఒక అమీబా మీద ఆవిడ పని. మేత దొరక్కపోతే అది తన చుట్టూ గట్టి గోడ కట్టుకుని ముడుచుకుంటుంది. ఆ తర్వాత వేడికి ఓ పట్టాన చావదు. ఆ గోడ కట్టే ఎంజైమ్ ఎప్పుడు పుంజుకుంటుందో, ఎప్పుడు తగ్గుతుందో కొలవడమే మా పరిశోధన.

మేత తీసేసి ఉప్పునీళ్లు పోసిన సీసా మూతకి మేడమ్ మెరూన్ రంగు స్టిక్కర్ బొట్టు అంటించేవారు. సుల్తాన్ బజార్‌లో కొన్న ప్యాకెట్ అయిపోతే తన నుదుటిదే తీసి పెట్టేవారు. "గీ సీసా ఉపవాసమున్నది, ఎవ్వరూ మేత పోయకున్రి," అనేవారు. నేను మధ్యాహ్నం తినకపోతే మాత్రం ఊరుకునేవారు కాదు. "నువ్వెందుకు బిడ్డా ఉపవాసం? నీకు గోడ గీడ ఏం వద్దు, తిను."

మొన్న వేసవిలో మేడమ్ పోయారు. ఒక పేషెంటు కంటి నుంచి తీసి, ఏళ్ల తరబడి ఆవిడ సాకిన అమీబాలు నాకు మిగిలాయి. అవి ఇంకెక్కడా లేవు. అవీ పోతే ఆవిడ నాకు మళ్లీ పోయినట్టే.

దసరా సెలవులకి అన్ని సీసాల్లోనూ నేనే మేత పోసి, తాళం వేసి వెళ్లాను. మేడమ్ తాళంచెవి కూడా వాళ్లింటివాళ్లు ఎప్పుడో నాకే ఇచ్చేశారు. ల్యాబుకి ఉన్నవి ఆ రెండే, రెండూ నా బ్యాగులోనే ఉన్నాయి.

సెలవుల ఆఖరి రోజున, సీసాలు పెట్టే ఇంక్యుబేటర్ పాడై లోపల విపరీతంగా వేడెక్కింది. తిరిగొచ్చి చూస్తే సీసాల్లో అన్నీ చచ్చిపోయి ఉన్నాయి. అక్కడే కూర్చుని ఏడ్చాను.

వెనక వరసలో ఒక్క సీసాలో మాత్రం నీళ్లు తేటగా ఉన్నాయి. అది మేత కాదు, ఉప్పునీళ్లు. మైక్రోస్కోపు కింద ప్రతి అమీబా చుట్టూ గోడ పూర్తయి ఉంది. ఆ ఎంజైమ్ అంత పని చేయాలంటే రెండు రోజులైనా పడుతుంది. అంటే వేడెక్కకముందే ఎవరో మేత తీసేశారు. మళ్లీ మేత పోస్తే గోడలు పగలగొట్టుకుని బయటికొచ్చాయి.

నేను వెళ్లేటప్పుడు ఏమీ లేని ఆ సీసా మూత మీద మెరూన్ బొట్టు ఉంది. ఒలిచి చూశాను. జిగురుకి ముఖానికి రాసుకునే పౌడర్ కాస్త అంటుకుని ఉంది.

ఎవరు పెట్టారో ఇప్పటికీ చెప్పలేను. మధ్యాహ్నం బాక్సు తినకుండా ఉండటం మాత్రం మానేశాను, ఆవిడ చూస్తున్నారేమోనని.