పేరు పెట్టి చేసిన ప్రార్థన

కర్లపాలెం చుట్టుపక్కల నాట్ల కాలం వచ్చిందంటే రూతమ్మ ముఠా కోసం రైతులు ముందుగానే కబురు పెట్టేవాళ్ళు. ఆడవాళ్ళని వెంటేసుకుని ఆవిడ బురదలోకి దిగితే పొద్దు వాలేలోగా మడి పచ్చబడాల్సిందే. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ఆదివారం చర్చిలో ఆవిడ ప్రార్థన అందుకుంటే పాస్టరు అయ్యగారు వాచీ చూసుకోవడం మానేసేవారు, ఎలాగూ ఇప్పట్లో తెమలదని. అంతటి మనిషి నోట రాని మాట ఒక్కటే ఉండేది. అది మొగుడి పేరు.

మొగుడి పేరు పలికితే అతని ఆయుష్షు తగ్గుతుందని వాళ్ళమ్మ చెప్పింది. ఆ అమ్మకి వాళ్ళమ్మ చెప్పింది. బాప్తీస్మం తీసుకున్నా ఆ భయం మాత్రం నీళ్ళలో కొట్టుకుపోలేదు.

ఎనభై నాలుగులో పార్లమెంటు ఎన్నికలొచ్చినప్పుడు ఆ భయమే కొంప ముంచింది. పోలింగు బూత్‌లో ఏజెంటుగా కూర్చున్న వీరరాఘవయ్య ఆ ఊరి మోతుబరి. ఊరి చివర రూతమ్మ వాళ్ళుండే పాలెం నుంచి ఆడవాళ్ళు రాగానే, ఫలానా మనిషి ఈవిడేనని నమ్మకమేంటి, మొగుడి పేరు చెప్పమనండి అని అడ్డం పడ్డాడు. చెప్పరని ఆయనకి తెలుసు. ఆయనింట్లో మాత్రం చెబుతారా ఏంటి? రూతమ్మ సిగ్గుపడుతూనే, కోటప్పకొండ పక్కన ఊరండి అంది. ఆ ఊరి పేరే మొగుడి పేరని, యలమంద అని అక్కడున్న వాళ్ళందరికీ అర్థమైంది. ఊరి పేరు కాదు, మనిషి పేరు కావాలన్నాడు వీరరాఘవయ్య మీసాల చాటున నవ్వుకుంటూ.

ఒకరి వెనక ఒకరిని తిప్పి పంపేశారు. సాయంత్రానికల్లా వాళ్ళ ఓట్లన్నీ ఎవరో వేసేసి పోయారని తెలిసింది. ఎవరెన్ని మాటలన్నా దులిపేసుకుపోయే రూతమ్మ ఆ రోజు పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. తను బతికుండగానే తన పేరు మీద ఇంకెవరో వేలు చాపి సిరా పెట్టించుకున్నారన్నది ఆవిడ మింగలేకపోయింది. చచ్చేలోగా ఒక్కసారైనా ఆ చుక్క తన వేలి మీద పడాలనుకుంది.

రెండేళ్ళ తర్వాత యలమందకి టైఫాయిడ్ వచ్చి బాపట్ల ఆసుపత్రిలో పడ్డాడు. రూతమ్మ మంచం పక్కన మోకరించి, ప్రభువా, మా ఆయన్ని బతికించు అని మొదలుపెట్టి గతుక్కుమంది. ఆ వార్డులో ప్రతి మంచం మీదా ఎవరో ఒకరి 'మా ఆయన' మూలుగుతున్నాడు. దేవుడు పొరపాటున పక్క మంచం వాణ్ణి లేపితే? గట్టిగా కళ్ళు మూసుకుని, యలమంద ప్రభువా, యలమంద అంది. వారం తిరక్కుండా అతను లేచి కూర్చుని ఇడ్లీ అడిగాడు. పేరు పెట్టి పిలిచావుగా, ఇంక చావనిస్తావా అని తర్వాతెప్పుడూ ఆటపట్టిస్తూనే ఉండేవాడు. రూతమ్మకి మాత్రం ఒకటి ఖాయమైపోయింది. మనుషుల ముందు ఎలా ఉన్నా, దేవుడి ముందు చెబితే మొగుడి ఆయుష్షు పెరుగుతుంది.

ఎనభై తొమ్మిదిలో, చలి మొదలవుతుండగా, మళ్ళీ పార్లమెంటు ఎన్నికలొచ్చాయి. ఈసారి ఢిల్లీకొకటి, హైదరాబాదుకొకటి, రెండు ఓట్లు. ఏజెంటు మాత్రం ఆ వీరరాఘవయ్యే. పోయి పరువు తీయించుకోవడం ఎందుకక్కా అన్నారు పాలెం ఆడవాళ్ళు. రూతమ్మ వాదించలేదు. ఎన్నికల కోసమని చర్చిలో రోజూ సాయంత్రం ఆడవాళ్ళ ప్రార్థన పెట్టింది. షరతు ఒక్కటే, ఎవరి మొగుడి పేరు వాళ్ళు పైకి చెప్పి ప్రార్థించాలి.

మొదట్లో కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వడంతోనే సరిపోయింది. సారమ్మ అయితే "మా... మా..." అంటూ మేకపిల్లలాగా ఆగిపోయింది. రోజులు గడిచేకొద్దీ గొంతులు లేచాయి. పాలెంలో గొప్ప ఉజ్జీవం వచ్చింది, భక్తి రగిలిందని పాస్టరు అయ్యగారు తెనాలి సభల్లో సాక్ష్యం కూడా చెప్పొచ్చారు. మొగుళ్ళు మాత్రం, మనం మరీ అంత పాపులమా అని బెంగపెట్టుకున్నారు.

పోలింగు నాడు వరసలో అందరికన్నా ముందు రూతమ్మే నిలబడింది. ఎన్నికల అధికారిగా వచ్చిన అచ్యుతరామయ్య రేపల్లెలో హైస్కూలు మాస్టారు. వీరరాఘవయ్య పాత పాటే పాడాడు. చేసేది లేక మాస్టారు భర్త పేరేంటమ్మా అని అడిగారు. రూతమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. చేతులు జోడించి కళ్ళు మూసుకుంది.

"ప్రభువా, నీ దాసురాలు రూతు, యలమంద పెళ్ళాం, ఓటుకొచ్చింది. పోయినసారి నోరు రాక పోగొట్టుకున్నాను. ఈసారి నోరిచ్చావు, నీకు స్తోత్రం. యలమందని చల్లగా చూడు. ఈ మాస్టారిని చూడు. ఆ వీరరాఘవయ్య గారినీ చూడు. ఆమెన్."

వరండాలో ఉన్న ఆడవాళ్ళంతా ఆమెన్ అన్నారు. మాస్టారు తనకి తెలియకుండానే లేచి నిలబడ్డారు. బూత్‌లో ప్రచారం చేయకూడదని వీరరాఘవయ్య గొంతు పెంచాడు.

"ఏ గుర్తు సంగతీ ఎత్తలేదుగా," అన్నారు మాస్టారు. "భర్త పేరు అడగమన్నారు, అడిగాను. ఒకసారి కాదు, రెండుసార్లు చెప్పింది."

సిరా చుక్క పడింది. ఒక్క ఓటూ దక్కని చేతిలోకి రెండు చీట్లు వచ్చాయి. రూతమ్మకి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. ఆవిడ వెనకే ఒక్కొక్కరూ వచ్చి ప్రార్థించి ఓటేశారు. సారమ్మ మొగుడి పేరుతో ఆగకుండా అతని తాగుడు సంగతి కూడా దేవుడికి విన్నవించుకోబోతే, పేరు చాలమ్మా అని మాస్టారే ఆపాల్సొచ్చింది.

ఆ వరసలోనే వీరరాఘవయ్య భార్య బసవమ్మ వచ్చింది. మా ఆవిడేనండి అంటూ ఆయన లేవబోయాడు. అందరికీ ఒకటే రూలు, అదీ మీరు పెట్టిందే అన్నారు మాస్టారు. బసవమ్మ బిక్కచచ్చిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో "ఏవండీ" తప్ప ఇంకో మాట ఎరగదు. వరండాలో సిరా ఆరబెట్టుకుంటున్న రూతమ్మ ఆవిడ మొహం చూసి గుమ్మం దగ్గరికి వచ్చింది.

"కళ్ళు మూసుకోండమ్మగారూ, తేలిగ్గా వచ్చేస్తది."

బసవమ్మ కొంగు తల మీదికి లాక్కుని చేతులు జోడించింది.

"రూతమ్మ దేవుడా, నేను వీరరాఘవయ్య పెళ్ళాన్ని," అంది. 'గారు' అనడం కూడా మర్చిపోయి, చివర అనాల్సిన మాట కోసం తడుముకుంది. ఆ మాట వరండాలోని ఆడవాళ్ళందరూ కలిసి అందించారు.