చిన్నమ్మ ఎండకు కాచిన జావ

పక్కింటి చిన్నమ్మ అనగానే నాకు ముఖంకన్నా ముందు ఆమె అరచెయ్యే గుర్తొస్తుంది. ఎనభైల్లో మా వరంగల్ వాడకట్టులో సోలార్ కుక్కర్ ఆమెకు ఒక్కదానికే ఉండేది. మగ్గం నేసి నేసి దగ్గుతో మంచం పట్టిన చిన్నాయనకు కట్టెల పొగ పడదు. కిరసనాయిలు దొరకదు. అందుకే ఆయన జావ ఎండకే కాచేది. పొద్దు జరిగినకొద్దీ ఆ కుక్కర్ పెట్టెను ఎండలోకి జరిపేది. మబ్బు కమ్మితే గాజుమూతకు అరచెయ్యి ఆనించి, ఇంట్లో ఆకలితో మూలిగే ఆయనతో, "ఇంక వెచ్చగనే ఉన్నది, జర ఆగయ్యా" అనేది.

ముసురు పట్టిన మూడోనాడు పొద్దున చిన్నాయన పోయాడు. కుక్కర్‌లో నూకలు నానుతూనే ఉన్నాయి. శవాన్ని లేపబోతుంటే చిన్నమ్మ అడ్డం పడి, ఆయన చెంపకు అదే అరచెయ్యి ఆనించింది.

"ఇంక వెచ్చగనే ఉన్నడు," అంది మమ్మల్నందరినీ బతిమాలుతూ, "జర ఆగుండ్రి."