పసుపు గీత, ఎర్ర తువ్వాల

పంతొమ్మిది వందల అరవై మూడు ఆఖర్ల నన్ను హెడ్ కానిస్టేబుల్‌గా ఆర్మూర్ ఠాణాకు బదిలీ చేసిన్రు. అప్పట్ల జనం హెడ్డును జమేదార్ అనేది, ఎస్సైని అమీన్ సాబ్ అనేది. నాకు ఠాణా రైటర్ పని అప్పజెప్పిన్రు. ఫిర్యాదులు, పంచనామాలు, సాక్షుల వాఙ్మూలాలు, కోర్టుకు పోయే కాగితాలు, అన్నీ రైటర్ చేతి మీదుగనే పోవాలె. నేను ఉర్దూల నాలుగో తరగతి దాకనే చదివిన. తెలుగు రాసుడు, శిక్షాస్మృతి, సాక్ష్య చట్టం నౌకరీ చేసుకుంటనే సొంతంగ నేర్చుకున్న. ఈ సంగతి గొప్పకు చెప్తలేను. నా రాతల తప్పులుంటే కారణం తెలువాలని చెప్తున్న.

ఆ పోస్టింగుల నడిచిన ఒక కేసు గురించి ఇన్నేండ్లకు రాస్తున్న. రాసెటందుకు కారణం కోపమే. ఇప్పటికీ ఏ పెండ్లికి పోయినా, ఏ దినాలకు పోయినా ఎవరో ఒకరు నా పక్కన కూసుండి, పోశెట్టిని ఎవరు చంపిన్రో నాకే వివరంగ చెప్తరు. అప్పటికి పుట్టనోళ్లు గూడ చెప్తరు. ఒకరి కథల నేను లంచం తిని అసలోన్ని వదిలేసిన్నట. అందుకని ఆ కేసుల ఏం తెలుసో, ఏం తెల్వదో ఒక్కసారి రాసి పెడుతున్న.

మరుసటేడు పసుపు కాలం. కొత్త పసుపు తవ్వి, పెద్ద కడాయిలల్ల ఉడకబెట్టి, కల్లాలల్ల ఆరబోసే దినాలు. ఊరి మీద ఉడికిన పసుపు వాసన పొగమంచు లెక్క కూసుంటది. మనుషుల అరిచేతులు, పాదాలు, కల్లాల కాడ పండే కుక్కల వీపులు గూడ పచ్చబడతయి. కల్లంల కొమ్ములు ఏరే పనికి రాజవ్వ అనే ఆమె వచ్చేది. భర్త లేడు. ఆరేండ్ల కొడుకు పోశెట్టి ఆమె ఎంబడే ఉండేటోడు. ఒకనాడు పొద్దుగూకంగ పిలగాడు కనబడలేదు. తెల్లారి గుట్ట కింద, బండరాళ్ల సందుల, శవం దొరికింది. ఆలూరు నుంచి పసుపు తవ్వెటందుకు పోతున్న కూలి ఆడోళ్లు ముందుగాల చూసి కబురు పంపిన్రు.

మేము పోయేసరికి పొద్దు బాగనే ఎక్కింది. పిలగాడు పక్కకు తిరిగి నిద్రపోయినట్టున్నడు. గొంతు మీద తప్ప ఎక్కడా గాయం లేదు. చుట్టూర పసుపుతోని గీసిన గీత. తలకాడ ఒక నిమ్మకాయ. ఆ రాళ్ల సందుల గాలి ఆడదు గనుక గీత ఎక్కడా చెదరలేదు. పంచనామా అంటే ఊరి మనుషులు ఇద్దరి ముందర, కండ్లకు కనబడింది కనబడ్డట్టు రాసి, వాళ్లతోని దస్తఖత్ చేయించుడు. ఆ ఇద్దరు పంచులు గీత అవతలనే నిలబడ్డరు. పోలీస్ పటేల్ గూడ లోపలికి కాలు పెట్టలేదు. అమీన్ సాబ్ ఒక్కడే దాటి పోయిండు. ఆయన ఊకె ఆగమయ్యే మనిషి గాదు. మొదలే అడిగిండు, మాకంటే ముందు ఇక్కడికి ఎవరొచ్చిన్రు, ఈ గీత ఎవరు గీసిన్రని. దూరంగ నిలబడ్డ ఆడోళ్లు తలలు వంచుకున్నరు. కనబడ్డదే నేను రాసిన: శవం చుట్టూ పసుపు గీత, తల దగ్గర నిమ్మకాయ ఒకటి.

పొద్దుమీకే వరకు ఆ వాక్యం ఊరంత తిరిగింది. పంచులకు నోరుండదా.

బస్టాండు కాడి హోటల్ల ఒక బల్ల ఉండేది. దాని చుట్టూ ఊరి తెలివంత కూసునేది. రిటైరైన ప్రైమరీ బడి పంతులు ఒకాయన, డిటెక్టివ్ నవలలు అద్దెకు తెచ్చి చదివేటోడు. ఇంకొకాయన పసుపు కమీషన్ వ్యాపారం చేసే శేటు. దవాఖాన కాంపౌండర్ అప్పుడప్పుడు వచ్చేటోడు. వీళ్లు ముగ్గురు ఆ కేసు పంచుకున్నరు. నేను చాయ్‌కు పోతె పిలిచి కూసోబెట్టేటోళ్లు.

"రాండ్రి జమేదార్ సాబ్. మీరు రాసుకునేటోళ్లు, మేము బుర్ర పెట్టి సోంచాయించేటోళ్లం" అనేటోడు పంతులు.

శేటుది డ్యాం సిద్ధాంతం. పోచంపాడ్ కాడ పనులు మొదలైన కొత్తలు. "పునాదిల ఒక పానం పడాలె. గోదావరి ఊకెనే ఆగుతదా" అన్నడు.

"పోచంపాడ్ల కట్ట కడితే పిలగాన్ని ఈడ చంపుడేంది శేటూ? గోదావరి బస్సెక్కి అచ్చి తీస్కపోతదా?" అన్నడు పంతులు.

"నీ నిధి మాత్రం నీ కోసం గుట్ట కింద లేచి కూసున్నదా? నేను పుట్టినకాంచి తవ్వుతనే ఉన్నవు, నోటితోని" అన్నడు శేటు.

పంతులుది గుప్తనిధి సిద్ధాంతం. రాళ్ల కింద పాత ధనం ఉన్నదట, దానికి బలి ఇచ్చిన్రట, పసుపు గీతనే సాక్ష్యమట. కాంపౌండరేమో దాయాదుల పగ అన్నడు గని, రాజవ్వకు పగపట్టేటంత భూమి లేకపాయె. ఆయన మాట ఎవరూ పట్టించుకోలేదు. పంతులు మాత్రం కండ్లు మూసుకొని కథ చెప్పినట్టు చెప్పేటోడు. నల్లగ, పొడుగ్గ ఒక మనిషి. భుజం మీద ఎర్ర తువ్వాల. బెల్లం ముక్క చూపించి, ఏలు పట్టుకొని, గుట్ట దిక్కు నడిపిచ్చుకపోయిండు.

ఎవరు చూసిన్రని నేనడిగిన.

"చూసుడెందుకు? గట్లనే జరిగి ఉంటది" అన్నడు.

ఊర్ల నల్లగ, పొడుగ్గ ఉండి, బలి అంటే గుర్తుకొచ్చే మనిషి ఒక్కడే. సాయిలు. పోచమ్మ పండుగలకు డప్పు కొట్టి, యాటను కోసేటోడు. పసుపు కాలంల కడాయిల కింద మంట పెట్టే కూలికి పోయేటోడు. రాజవ్వ పని చేసే కల్లంలనే. మొదటి వారంల మేము ఊరంత విచారిస్తే సాయిలు పేరు ఒక్కరు గూడ ఎత్తలేదు. రెండో వారంల ఒకతను చూసిన్నని వచ్చిండు. ఆ తర్వాత సిరికొండ తొవ్వల బండి తోలే ఇంకొకతను వచ్చిండు. ఈ రెండో అతను పంతులు మొఖం గూడ ఎరుగడు. ఇద్దరూ ఎర్ర తువ్వాల అన్నరు, బెల్లం ముక్క అన్నరు. ఏలు పట్టుకొని పోయిండు అనే మాట ఇద్దరి నోట్ల ఒక్క తీరుగనే వచ్చింది. పోలీసులు రాసుకునే వాఙ్మూలం మీద సాక్షి దస్తఖత్ ఉండదు, అది చట్టం. అందుకని రైటర్ వాళ్ల మాటను వాళ్ల మాట లెక్కనే రాయాలె. అబద్ధం చెప్పేటోడు నేను రాసే కాగితం దిక్కు చూస్తడు, ఎంత దాకా రాసిన్నో అని. వీళ్లు నా ఎనుక గోడను చూసిన్రు. అక్కడ ఎవరో నడుస్తున్నట్టు చూసిన్రు.

అమీన్ సాబ్ సాయిలు ఇల్లు సోదా చేయించిండు. ఎర్ర తువ్వాల లేదు. ఆ సంగతి హోటల్ల తెలిస్తే, "దాచిండంటే దోషే గద" అన్నడు పంతులు. ఉంటె ఒక రుజువు, లేకుంటె ఇంకా పెద్ద రుజువు.

ఒకనాడు గల్లీల పిల్లలు ఆడుకుంటున్నరు. పసుపుతోని గీత గీసి ఒకడు లోపల పండుకున్నడు. ఇంకొకడు భుజాన ఎర్ర గుడ్డపేలిక ఏసుకున్నడు. నేను లెవ్వుమన్నా పండుకున్నోడు లేవలేదు, కండ్లు తెరవలేదు. ఎర్ర పేలికోడు నన్ను చూసి మెల్లగ అన్నడు, "ఆడు ఇప్పుడే లెవ్వద్దు సారూ. ఆట గాలే."

తర్వాత రాజవ్వ ఠాణాకొచ్చింది. కొడుకు కలలకొచ్చి ఎర్ర తువ్వాల మనిషిని చూపిచ్చిండని చెప్పింది. కల సాక్ష్యం గాదని చెప్పుడెట్లనో నాకు తెలువలేదు.

అన్నిటికన్న భయపెట్టింది వేరే. ఒక పొద్దు ఠాణా మెట్లు దిగుతుంటే నాకు యాదికొచ్చింది. ఆనాటి సందెల, ఆరబోసిన పసుపు పక్క పొంటి సాయిలు నడుస్తున్నడు. ఎర్ర తువ్వాల. ఎనుక చిన్న పిలగాడు. అంత సాఫ్‌గ కనబడ్డది, పిలగాని పచ్చటి పాదాలతో సహా. ఎనుకకు పోయి ఠాణా డైరీల ఆ తారీఖు తీసి చూసిన. ఆనాడు నేను ఆర్మూర్ల లేను. కోర్టు డ్యూటీ మీద నిజామాబాద్ పోయి మరునాడు పొద్దుగాల వచ్చిన. లేని దినం నేనేం చూసిన? ఆ బొమ్మ ఇప్పటికీ నా తలకాయల ఉన్నది. అది అబద్ధమని తెలిసినా చెరగలేదు.

పైనుంచి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ఒత్తిడి ఎక్కువైంది. సాయిలును అరెస్టు చేసి రిమాండు మీద నిజామాబాద్ జైలుకు పంపిన్రు. హత్య దఫా, రుజువైతే ఉరి. చార్జిషీటు రాయమని నాకు హుకుం వచ్చింది. జైల్ల కలిసినప్పుడు సాయిలు ఏడ్వలేదు. "ఊరోళ్లందరు చూసిన్రంట గద సారూ. నేనొక్కన్నే చూడలే" అన్నడు.

చార్జిషీటు ఇంకా పోకముందే వానలు పడ్డయి. ఆలూరు దిక్కు ఒక ముసలి రైతు బాయిల జారిపడి చచ్చిపోయిండు. శవ పంచనామాకు నేను సైకిల్ మీద పోయిన. శవాన్ని తీసి ఒడ్డున పండబెట్టిన్రు. చుట్టూర పసుపు గీత. ఇంకా పూర్తి గాలేదు. ఒక ఆడమనిషి కొంగుల నుంచి చిటికెడు తీసి గీతకు కలిపి జరిగింది. ఆమె ఎనుక ఇంకొకామె. నన్ను చూసి అందరు ఆగిపోయిన్రు. వాళ్లల్ల పెద్దమనిషి లింగవ్వను నేను గుర్తుపట్టిన. గుట్ట కింద పోశెట్టిని ముందు చూసిన గుంపు పెద్ద ఆమెనే.

పక్కకు పిలిచి అడిగిన, ఇది దేనికవ్వా అని.

"ఆయుష్షు తీరక పోయినోళ్ల గాలి, చూసినోళ్ల ఎంబడి పడతది సారూ. పిల్లల తల్లులం. అందుకని చూసినోళ్లు తలా చిటికెడు ఏసి పోవాలె. మా అమ్మలు గట్లనే ఏసిన్రు."

"గుట్ట కాడ గూడ మీరేనా?"

కొంగుల మిగిలిన పసుపును ముడేసుకున్నది. తర్వాత అన్నది, "నిమ్మకాయ మా కోడలుది. కడుపుతోని ఉండె, కొంగుకు కట్టుకున్నది. నేనే ఇప్పి పెట్టిన."

"మరి అమీన్ సాబ్ అడిగితె చెప్పకపోతివి. సాయిలు జైల్ల ఉన్నడు. ఉరి పడ్తది."

"ఎరుకే. నేను చెప్తే సాయిలు బయటికొస్తడు, నేను లోపలికి పోత. లోపలికి పోకుంటె బాణామతిదని ఊరోళ్లు పండ్లూడగొడ్తరు. గిదే గద నీ ఇన్సాఫ్, నీ న్యాయం?"

పోయి అమీన్ సాబ్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పిన. ఆయన ఒక ఉపాయం చేసిండు. పోలీసులకు చెప్పిన మాట కంటే మేజిస్ట్రేట్ ముందర ప్రమాణం చేసి చెప్పిన మాటకు బలమెక్కువ. ఒక్క లింగవ్వను గాదు, గుంపునంత పిలిపిద్దాం అన్నడు. ఒక్కరి మీద పడే మాట అంత మందిమీద పడదు. లింగవ్వ ఊరికి పోయి వాళ్లతోని ఏం మాట్లాడిందో నాకు తెల్వదు. అందరు వచ్చిన్రు. ఒకరి ఎనుక ఒకరు బోనెక్కి, నేనొక చిటికెడు ఏసిన అని చెప్పిన్రు. బలి అనెటందుకు ఉన్న ఒక్క గుర్తు అట్ల పోయింది. నిమ్మకాయ ఎవరిదని మేజిస్ట్రేట్ అడిగితే లింగవ్వ, "నాదే దొరా" అన్నది. బాలెంత కోడలు బయట అరుగు మీద బిడ్డకు పాలిస్తున్నది. నేను నోరు మూసుకున్న.

దాని తర్వాత అమీన్ సాబ్ పాత సాక్షులను మల్ల పిలిపిచ్చిండు. ఈసారి ఏం చూసినవని అడుగలేదు. తువ్వాల సంగతి మొట్టమొదలు ఎవరి నోట విన్నవని అడిగిండు. బండి తోలేటోడు కల్లు కాంపౌండుల విన్నడు. అక్కడ చెప్పినోడు సంతల విన్నడు. సంతల చెప్పినోడు హోటల్ల చాయ్ తాగుకుంట విన్నడు. అన్ని తొవ్వలు ఆ బల్ల కాడికే వచ్చినయి. సాక్ష్యం లేదని కోర్టుకు రాసినం, సాయిలును విడిచిపెట్టిన్రు. ఆయన ఆర్మూర్ల బస్సు దిగి, ఇంట్ల ఉన్నోళ్లను తీసుకొని, బొంబాయి దిక్కు భీమండికి పోయిండు. డప్పు ఇంట్లనే వదిలి పోయిండు.

పంతులు సిగ్గుపడ్డడని మీరనుకుంటే మీకు మనుషులు తెల్వదు. "అంటే ఆ ఆడోళ్లు, సాయిలు అందరొక్కటేనన్న మాట" అన్నడు, చాయ్ ఊదుకుంట. మరుసటేడు ఆలూరు గుంపును పనికి పిలువద్దని ఊర్ల అనుకున్నరు. పసుపు తవ్వే యాళ్ల వచ్చేసరికి మనుషులు దొరుకక అందరు వాళ్ల ఇండ్లకే పోయి బతిలాడిన్రు.

నా కోపం అసలు ఇక్కడ ఉన్నది. పంచనామాల పసుపు గీత కింది పంక్తిలనే ఇంకొకటి రాసిన్న. తల్లి చెప్పంగ రాసింది, పిలగాని నడుముకు ఉండే వెండి మొలతాడు లేదని. అది చదివినోడు లేడు. అది కథ గాదు గద. ఎంబడే వెండి కొనే సరాఫా దుకాణాలల్ల విచారించి ఉంటె ఏమన్న దొరికేదేమో. మేము ఎర్ర తువ్వాల ఎంబడి తిరిగి వచ్చే వరకు వెండి కరిగిపోయే కాలం గడిచింది. దొంగతనానికి చంపిన్రని నేను అంటలేను. అంటె నాది నాలుగో సిద్ధాంతం అయితది.

కేసు నిజమే గని నేరస్తుడు తెలువలేదని ఆఖరి రిపోర్ట్ పంపినం. ఆ సంగతి చెప్పెటందుకు రాజవ్వ ఇంటికి నేనే పోయిన. ఆమె చాటల కొమ్ములు చెరుగుతున్నది.

"సాయిలు గాకపోతే మరెవలు సారూ?"

తెల్వదవ్వా అన్న.

"పంతులు ఒగ మనిషినన్న చూపెట్టిండు. మీరు గా మనిషిని గూడ గుంజుకున్నరు" అని, మల్ల చెరుగుకుంట కూసున్నది.

ఆ కేసు తర్వాత నౌకరీ ఉన్నన్ని దినాలు నా పని తీరు మారింది. శవం కాడికి పోతే, మాకంటే ముందు వచ్చినోళ్లు ఏం చేసిన్రో వాళ్లను బెదిరియ్యకుంట కనుక్కున్న. సాక్షిని ఏం చూసినవని అడిగే ముందు ఎవరి కాడ విన్నవని అడిగిన. నాకు నేను గూడ అదే అడుక్కున్న. దీనితోని తెగని కేసులు తెగలేదు. ఊరి మాట మీద మనిషిని జైలుకు పంపే కాగితం మాత్రం నా చేతి నుంచి ఇంకొకటి పోలేదు.

పోశెట్టిని ఎవరు చంపిన్రో నాకు తెల్వదు. మీకు గూడ తెల్వదు.