ఒక్కదాన్ని పన్నెండు చేసిన వదినె

మా వదినె వత్సలకు 'కాదు' అన్న మాట వినిపించదు. చెవులు భేషుగ్గా ఉన్నాయి. వంటింట్లో నేను గిన్నె జారవిడిస్తే వీధి చివర ఉన్నా వింటుంది. ఆ ఒక్క మాట దగ్గరే ఆమెకు చెవుడు. పెళ్లయి మా ఇంటికి వచ్చినప్పటి నుంచి చూస్తున్నాను, ఆడబిడ్డగా ఆ మాత్రం చెప్పే హక్కు నాకుంది.

ఆమె పుట్టింది మహారాష్ట్ర సరిహద్దు ఊరు మర్ఖేల్‌లో. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ. మా అన్న రామచందర్‌ను చేసుకుని నాందేడ్ వచ్చాక టైపింగ్ నేర్చుకుంది, నేర్చుకున్న చోటే టీచరమ్మ అయింది. కంప్యూటర్లు వచ్చి టైపు మిషన్లు మూల చేరినప్పుడు తోటి టీచర్లంతా దిగులుపడి కూర్చుంటే ఈమె వెళ్లి స్క్రూడ్రైవర్ల డబ్బా కొనుక్కొచ్చింది. ఇక మా ఇంట్లో మూత బిగించి ఉన్న వస్తువు మిగిలితే ఒట్టు. మా అమ్మ గంగుబాయి తన మిక్సీని చీరల మధ్య దాచుకునేది.

రెండువేల నాలుగులో ఆమెకు కుండల్‌వాడి అనే ఊరి పిచ్చి పట్టింది. అక్కడ పదో తరగతి అయిన ఆడపిల్లలను కంప్యూటర్ క్లాసుకని నాందేడ్ దాకా ఎవరూ పంపరు. క్లాసే వాళ్ల ఊరికి పోవాలంది వదినె. మార్కెట్ దగ్గర ఒక గది దొరికింది. నాందేడ్‌లో ఒక ఆఫీసు పక్కన పడేసిన పాత లాప్‌టాప్‌లు పన్నెండు ఇచ్చేసింది. ఇక కావలసింది సర్కారీ మంజూరీ ఒక్కటే. సోమవారం అధికారి వచ్చి చూస్తాడు. పన్నెండూ నడిస్తే క్లాసు ఉంటుంది, లేకపోతే లేదు.

ఆ 'లేకపోతే' అనేది ఎవరికి తగులుతుందో నేను కళ్లారా చూశాను. మయూరి అనే పిల్ల తండ్రి నర్సన్న మా ముందే తేల్చి చెప్పాడు. "మంజూరీ అస్తే పంపుత టీచరమ్మా. రాకపోతే దాని సంగతి ఇంకేం అడగొద్దు. పత్తి ఏరనీకి మనుషులు దొరుకుతలేరు." పిల్ల తలుపు పక్కన నిలబడి అన్నీ వింటోంది. నాకు ఒళ్లు మండింది. వదినె మాత్రం "సోమవారం రా నర్సన్నా, నువ్వే చూస్తవు" అని నవ్వింది.

నవ్వడం తేలికే. ఆ లాప్‌టాప్‌లలో ఉన్నది పాత విండోస్ తొంభై ఎనిమిది. కోర్సు సాఫ్ట్‌వేర్ నడవాలంటే కొత్త విండోస్ ఎక్స్‌పి ఉండాలి. లైసెన్సులు కోర్సు నడిపే సంస్థ వాళ్లే పంపారు, కానీ ఆ మోడలుకు ఎక్స్‌పి పనికిరాదని తయారుచేసినవాళ్లే రాసిపెట్టారు. సీడీ వేస్తే సగం దాకా ఎక్కి నీలం తెర చూపించి ఆగిపోయేది. కొన్నింటికి సీడీ తిరగనే తిరగదు. వదినె ఒక్క లాప్‌టాప్‌ను పట్టుకుని వారమంతా దానితోనే కాపురం చేసింది. వేరే మోడలుకు రాసిన డ్రైవర్లు, అంటే లోపలి భాగాలను నడిపించే ప్రోగ్రాములు తెచ్చి ఎక్కించింది, తీసేసింది, మళ్లీ ఎక్కించింది. శుక్రవారం పొద్దున తెర మీద ఎక్స్‌పి గుర్తయిన పచ్చటి మైదానం, నీలాకాశం తేలాయి. టీ గ్లాసు పట్టుకునే గంతు వేశాను, టీ అంతా నా చీర మీదే.

"మరి తతిమ్మ పదకొండు?" అన్నాను. ఒకదానికి వారమైతే పదకొండింటికి ఎన్ని వారాలో లెక్క వేయడానికి నాకే భయమేసింది.

"వాటికి ఎక్కించుడే లేదు ప్రణాలీ. దీన్నే దించుడు."

ఆ లాప్‌టాప్ డిస్కును ఊడదీసి, చిన్న అడాప్టరుతో తన టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌లోని పెద్ద కంప్యూటరుకు తగిలించింది. డిస్కులో ఉన్నది ఉన్నట్టుగా అంతా ఒకే ఫైలులోకి దింపింది. దాన్ని ఇమేజ్ అంటారట. ఇంకో లాప్‌టాప్ డిస్కు ఖాళీ చేసి అందులో ఆ ఇమేజ్ పోసింది. మా అమ్మకు అన్నం తినేటప్పుడు ఇదంతా చెప్తే, "గిదేం కొత్త? పాలల్ల తోడేసినట్టే గద" అంది. వదినె ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచి ఆమెనే చూసింది. "అవును అత్తమ్మా, అచ్చం గంతే" అంది.

రెండో లాప్‌టాప్ ఆన్ చేశాం. నల్ల తెర. ఇంకా నల్ల తెరే. నేను వదినె మోచేయి గిల్లుతున్నాను, ఆమె నా చేయి విదిలిస్తోంది. అంతలో పచ్చటి మైదానం. వారం పట్టిన పని మేం అన్నం తిని వచ్చేలోపు అయిపోయింది. ఆ సంతోషం ఎలా చెప్పాలో నాకు తెలియదు. ఇద్దరం ఒకరి చేతులు ఒకరం పట్టుకుని చిన్నపిల్లల్లా గుండ్రంగా తిరిగాం.

శనివారం అసలు పని. ముందు మొదటి లాప్‌టాప్‌ను పూర్తిగా తయారు చేయాలి. కోర్సులో మొదట మరాఠీ టైపింగే కాబట్టి కీబోర్డును మరాఠీకి మార్చి ఒక ఉత్తరం కొట్టి చూసింది. విద్యార్థి ఖాతాకు పాస్‌వర్డ్ ఉండాలని కోర్సు నియమం. అది పెట్టే వేళకు ఫోన్ మోగింది. కుండల్‌వాడి నుంచి మయూరి వాళ్ల అమ్మ. వదినె రిసీవర్ భుజానికి, చెవికి మధ్య ఇరికించుకుని మరాఠీలో ధైర్యం చెబుతూనే పాస్‌వర్డ్ కొట్టేసింది. ఊరి పేరే పాస్‌వర్డ్. వెంటనే కొత్తగా ఇమేజ్ తీసి, మిగతా పదకొండింటిలోనూ పోయడం మొదలుపెట్టింది. నేను స్క్రూలు అందిస్తున్నాను, అన్న ఏ డిస్కు ఏ లాప్‌టాప్‌దో చెబుతున్నాడు. పొద్దుగూకేసరికి పన్నెండు తెరల మీదా విద్యార్థి పేరు, పాస్‌వర్డ్ అడిగే పెట్టె వెలుగుతున్నాయి.

"లోపలికి పోయి చూడరాదు?" అన్నాను.

"అన్నీ ఒక్కటే పిల్లా. ఒక్కటి లేస్తే అన్ని లేచినట్టే."

సోమవారం అన్న జీపులో పన్నెండు లాప్‌టాప్‌లనూ దుప్పట్లలో చుట్టి పెట్టుకుని బయలుదేరాం. నర్సి ఊరు దాటాక రోడ్డు మీద ప్రతి గుంతకూ వదినె "మెల్లగ, మెల్లగ" అంటుంటే, పెళ్లప్పుడు కూడా వదినెను ఇంత పదిలంగా తీసుకురాలేదని అన్నను ఏడిపించాను. గదిలో అమ్మాయిలంతా తలకు నూనె రాసుకుని, జడలు వేసుకుని సిద్ధంగా ఉన్నారు. నర్సన్న గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అధికారి బాబురావు సాహెబ్ కుర్చీలో కూర్చుని, "చాలూ కరా, మేడం" అన్నారు, మొదలుపెట్టమని.

మయూరి పాస్‌వర్డ్ కొట్టింది. తప్పు అంది లాప్‌టాప్. మళ్లీ కొట్టింది, మళ్లీ తప్పే. పక్క పిల్లదీ తప్పే. వదినె స్వయంగా కూర్చుని ఒక్కో అక్షరం నొక్కింది. తప్పు. ఒక్కటి లేస్తే అన్నీ లేచినట్టే అన్న మనిషికి, ఒక్కదానిలో చేసిన పొరపాటూ పన్నెండు అవుతుందని అప్పుడు తెలిసింది. నాకు ఆమె మీద ఎంత కోపం వచ్చిందో అంత ఏడుపూ వచ్చింది. సాహెబ్ పెన్ను మూత తీశారు. గోడ దగ్గర నుంచి నర్సన్న, "నడువు బిడ్డా" అన్నాడు. మయూరి లేవలేదు, కానీ మీటల మీద నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

ఆ చేతులను వదినె చూసింది. తర్వాత తన చేతులు చూసుకుంది.

"ప్రణాలీ, పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు నేను ఏ భాషల ఉన్న?"

నాకు అర్థం కాలేదు. "ఫోన్లనా? మరాఠీల మాట్లాడుతున్నవు గద."

"నేను గాదు. నా వేళ్లు."

అప్పుడు వెలిగింది నాకు. ఉత్తరం కొట్టి చూశాక కీబోర్డును మళ్లీ ఇంగ్లీషుకు తిప్పనే లేదు. పాస్‌వర్డ్ పెట్టెలో కనిపించేవి నల్ల చుక్కలే, ఏ భాషైనా చుక్క చుక్కే. ఆమె ఇంగ్లీషు మీటలే నొక్కింది, లోపల పడ్డవి మాత్రం మరాఠీ అక్షరాలు. ఇప్పుడు తెర ఇంగ్లీషులో అడుగుతోంది. మూడు భాషల మధ్య ఇల్లు కట్టుకున్న మనుషులకు తప్ప ఇంకెవరికి వస్తుంది ఈ కష్టం!

వదినె ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కింది. పెట్టె పక్కన ఇంగ్లీషుకు గుర్తుగా ఉన్న రెండక్షరాలు మారిపోయి మరాఠీ గుర్తు వచ్చింది. అవే మీటలు మళ్లీ నొక్కింది. లాప్‌టాప్ నోట్లోంచి ఆ స్వాగత సంగీతం వచ్చింది చూడండి, నా ప్రాణం లేచొచ్చింది.

"పిల్లలూ, అందరు ఆల్ట్, షిఫ్ట్ ఒత్తుండ్రి. మళ్ల ఊరి పేరు కొట్టుండ్రి."

గది నిండా ఒకదాని మీద ఒకటి అదే సంగీతం. పన్నెండు తెరల మీద పచ్చటి మైదానాలు. అమ్మాయిలు పక్క తెరలు చూసుకుంటూ నవ్వుతున్నారు. ఎవరి పని ముందు అయిందని అప్పుడే పోట్లాట కూడా మొదలైంది. సాహెబ్ లేచి ఒక్కో తెర ముందుకు నడిచి, ప్రతి పిల్లతో మరాఠీలో తన పేరు కొట్టించి చూశారు. ఈ మోడలు మీద ఎక్స్‌పి నడవదని తమ ఆఫీసు ఇంజినీరు చెప్పాడే అని అడిగితే వదినె, "నడుస్తుంది కదా సాహెబ్" అని ఊరుకుంది. ఆయన నవ్వి, కాగితం మీద 'మంజూర్' అని రాసి సంతకం పెట్టారు.

వదినె బల్ల పట్టుకుని నేల మీదే కూర్చుండిపోయింది. నేనూ పక్కన కూలబడ్డాను. కళ్లు తుడుచుకుంటూ ఇద్దరం ఎందుకు నవ్వుతున్నామో మాకే తెలియదు.

నర్సన్న వచ్చి మా ముందు నిలబడ్డాడు. మయూరి తెర మీద మరాఠీలో ఉన్న తన కూతురి పేరును దూరం నుంచే కూడబలుక్కుని చదువుతున్నాడు. అది పూర్తయ్యాక వదినె వైపు తిరిగాడు.

"టీచరమ్మా, చిన్నది గూడ ఉంది నాకు. ప్రాచి. దాన్ని గూడ రాస్కో."